పద్దెనిమిది మందిమీ ఒకే తప్పు టిక్కు పెట్టిన రోజు

అధ్యక్షస్థానంలో కూర్చుని అప్పుడే రెండుసార్లు గడియారం చూసుకున్న వర్క్స్ మేనేజరు గారికి, వారి పక్కనున్న ఫోర్‌మన్ గారికి, ముందు వరసలోని పెద్దలకు, ఫస్టెయిడ్ గది నర్సమ్మకు, స్టోర్సు పెద్దాయనకు, షిఫ్టు దిగి ముఖం కూడా కడుక్కోకుండా వచ్చి గోడ వెంట నిలబడ్డ నా ప్రెస్సు షాపు తోటివాళ్ళకు, మూడో వరసలో ఉన్న మా అక్కకు, బావకు, అందరికంటే ముఖ్యంగా ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ చేస్తున్న మా ఇంగ్లీషు మేడమ్‌కు నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. నా చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో ఈ హాల్లో అందరికీ తెలుసు, అయినా ఇచ్చారంటే అది మేడమ్ మాట కాదనలేకే అని నాకూ తెలుసు. (నవ్వులు)

మేడమ్ మూడేళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు ఇదే క్యాంటీన్‌లో, ఇవే బల్లల మీద, ఇంగ్లీషు వినడం నేర్పుతున్నారు; మా జట్టు వంతు ఆరు నెలల కిందట వచ్చింది. మాట్లాడటం కాదు, రాయడం కాదు, వినడం. కొత్త ప్రెస్సులు బయట దేశం నుంచి వచ్చాయి, ఏదైనా ఆగిపోతే ఫోన్లో అవతలివాడు చెప్పేది అర్థం కావాలి, పైగా ఛార్జ్‌హ్యాండ్, అంటే జట్టు పెద్ద, కావాలంటే ఇంగ్లీషు విని జవాబు రాసే పరీక్ష ఒకటి పాసవ్వాలి, అందుకని కంపెనీ పెట్టించింది. మొదటి రోజు మేడమ్ ఒక నల్లటి స్పీకరు పెట్టె బల్ల మీద పెట్టి, సంభాషణలు వినిపిస్తాను, పని చేసే చోట జరిగే ప్రమాదాల మీద పన్నెండు సంభాషణలు అన్నారు. నేను లేచాను. అప్పటికి నేను చదివినవి పదకొండు కరపత్రాలు, రెండు చిన్న పుస్తకాలు. వాటిలో ఉన్నదంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. యజమాని భాష నేర్పడమంటే మెడకు తాడు కట్టడమేనని, మా దెబ్బల్ని మీరు పాఠాలు చేసి అమ్ముకుంటున్నారని, ఇంకా ఏవేవో అన్నాను. మా వాళ్ళు తల పట్టుకున్నారు. మేడమ్ మాత్రం చేతిలోని సుద్దముక్క కింద పెట్టి, ఇది ఏ కరపత్రంలో ఉంది, ఒకసారి ఇస్తావా, చదివి ఇస్తాను అన్నారు.

ఇచ్చాను. పై వారం తిరిగి ఇచ్చారు. అంచుల్లో పెన్సిల్‌తో మూడు ప్రశ్నలు రాసి ఉన్నాయి. మొదటిదానికీ మూడోదానికీ జవాబు చెప్పాను. రెండోది, ఇక్కడ మనం అన్నారే, ఆ మనంలో ఎవరెవరున్నారు అని. దానికి జవాబు దొరక్క వారం రోజులు నేనుంటున్న అక్క ఇంట్లో గిన్నెల మీద కోపం చూపించాను, కావాలంటే అక్కను అడగండి. (నవ్వులు. మూడో వరసలో ఒకావిడ చేయి ఊపింది.) అడగక్కర్లేదట, ఒప్పుకుంటోంది.

ఆ సంభాషణల సంగతి కొంచెం చెప్పాలి, వినని వాళ్ళు ఉన్నారు గనక. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, పన్నెండింటిలోనూ వాళ్ళిద్దరే. ఒక పాఠంలో అతను తడి నేల మీద జారి మోకాలు కొట్టుకుంటాడు, ఇంకో పాఠంలో అతనే డాక్టరు. మేం వాళ్ళకు పేర్లు పెట్టుకున్నాం, ఎప్పుడూ ముక్కుతో మాట్లాడతాడని అతను జలుబాయన, ఆవిడ తీరికమ్మ. ఎందుకంటే ఆవిడకు ఎంత తీరికంటే, ఎదురుగా ఒకడు చేయి కాలి నిలబడితే కూడా, ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, అప్పుడు అక్కడ ఎవరున్నారు అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఒక్కసారి కూడా కసరదు. మా వాళ్ళకు ఇది వింతగా తోచింది. మా షాపులో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వచ్చేది తిట్టు, తర్వాత దూది. (నవ్వులు) ఫోర్‌మన్ గారూ, మీరు కూడా నవ్వారు, చూశాను.

మేడమ్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి సంభాషణ మూడుసార్లు వినిపించాక, పుస్తకంలోని ప్రశ్నలు అయిపోయాక, ఆ సంభాషణలో జవాబు లేని ప్రశ్న ఒకటి ప్రతివాడూ అడగాలి. ఇక చూడండి. ప్యాకింగు సెక్షన్ తాతయ్య, మేం అందరం అలాగే పిలుస్తాం, ఆ నేల తుడిచినావిడకు ఎండేదాకా ఆగమని ఎవరైనా చెప్పారా అన్నాడు. వెల్డింగు అతను, జలుబాయన ఇంటికి వెళ్ళి భార్యకు ఏమని చెప్పాడో తెలియాలి అన్నాడు. ఒకడైతే, జారి పడ్డప్పుడు చేతిలో ఉన్న టీ ఎవరి మీద పడింది అని అడిగి పది నిమిషాలు క్లాసు ఆపేశాడు. నేను మొదట్లో ఇదంతా కాలక్షేపం అనుకున్నాను. కానీ నాలుగో వారానికి ఒక సంగతి గమనించాను: బస్సులో కూర్చుంటే పక్కవాళ్ళ ఫోను మాటలు వింటూ, వీళ్ళు చెప్పకుండా వదిలేసింది ఏమిటా అని వెతుక్కుంటున్నాను. చెవులకు ఆకలి పుట్టడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అసలు రోజుకు వస్తాను. అయిదో సంభాషణ. వడ్రంగి పని జరిగే ఒక షెడ్డు. రంపం మిషన్‌లో జలుబాయన చేయి పడింది. తీరికమ్మ అడుగుతుంది, అతను చెప్తాడు: సోమవారం శుభ్రం చేయడానికి రంపం మీది మూత తీశారు, మళ్ళీ ఎవరూ పెట్టలేదు, పని ఆపొద్దన్నారు, నేను చేస్తూ ఉన్నాను. ఇంతే. కింద ప్రశ్న: ప్రమాదానికి కారణం ఏమిటి? జవాబులు మూడు. ఒకటి, పనివాడి అజాగ్రత్త. రెండు, మూత లేకపోవడం. మూడు, వెలుతురు చాలకపోవడం. మేం పద్దెనిమిది మందిమి. పద్దెనిమిది మందిమీ మొదటిదానికి టిక్కు పెట్టాం.

మేడమ్ కాగితాలు తిరగేశారు, మళ్ళీ తిరగేశారు. మేం కాపీ కొట్టామనుకున్నారు. ఒక్కొక్కర్ని లేపి ఏం విన్నారో చెప్పమన్నారు. అందరం తు.చ. తప్పకుండా చెప్పాం. సోమవారం చెప్పాం, మూత చెప్పాం, ఎవరూ పెట్టలేదన్నది కూడా చెప్పాం. చెవుల్లో లోపం లేదు. ఇంగ్లీషులోనూ లోపం లేదు. మరి? మేడమ్ కసరలేదు, కుర్చీ మా మధ్యకు లాక్కుని కూర్చుని, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది, ఎందుకు అన్నారు. అప్పుడు తాతయ్య అన్నాడు:

"కారణం అని అడిగారు కదా మేడమ్. కారణం గడిలో రాసేది అదేగా."

బయటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు. ఫస్టెయిడ్ గదిలో ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. దెబ్బ తగిలిన ప్రతివాడి పేరు, తేదీ, ఏ భాగం, కారణం, సాక్షి సంతకం, ఇలా గడులు. మర్నాడు టీ టైములో మేడమ్ నర్సమ్మ దగ్గరకు వెళ్ళి, ఆ రిజిస్టరు ఒకసారి చూడొచ్చా అని అడిగి, కారణం గడి ఒక్కటే నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు. ఆరేళ్ళలో అరవై రెండు దెబ్బలు. యాభై ఎనిమిది చోట్ల అజాగ్రత్త. మూడుచోట్ల తొందరపాటు. ఒకచోట పరధ్యానం. పైకప్పు రేకు ఊడి అన్నం తింటున్నవాడి భుజం మీద పడితే, దానికీ అజాగ్రత్తే. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను. ఎవరి అజాగ్రత్త, రేకుదా అని మేడమ్ అడిగితే నర్సమ్మ, నేను రాయలేదమ్మా, సాక్షులే రాస్తారు, నేను గీతలు గీస్తానంతే అంది. నిజమే. ఏ ఆఫీసరూ చేయి పట్టి రాయించలేదు. యాభై ఎనిమిది సార్లు రాసింది మేమే.

యాభై నాలుగో వరుస మా బావది.

మా బావను మీలో చాలామందికి చూపించాల్సిన పని లేదు. ప్రెస్సులో డై, అంటే రేకును వంచే అచ్చు, బిగించడంలో ఈ షెడ్డులో ఆయన్ని మించినవాడు లేడు, ఫోర్‌మన్ గారే ఒప్పుకుంటారు. ఏడు నెలల కిందట నా ప్రెస్సు దగ్గర, రెండో నంబరు దగ్గర, కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. అప్పటి నుంచి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని లారీల నంబర్లు రాస్తున్నాడు, అదీ ఎడమచేత్తో. వేళ్ళు పోయినందుకు కాదు. మూడు వేళ్ళతో కూడా డై బిగించగలనని చేసి చూపించాడు. కానీ రూలు ఒకటి ఉంది: అవయవం పోయిన కేసులో కారణం గడిలో అజాగ్రత్త అని ఉంటే, ఆ మనిషిని మళ్ళీ మిషన్ మీదకు తీసుకోరు. ఈ వచ్చే సోమవారం సేఫ్టీ కమిటీ ఆఖరిసారి ఆ కాగితం చూస్తుంది. ఆ తర్వాత ఫైలు మూసేస్తారు, బావ స్టూలు మీదే రిటైరవుతాడు.

ఆ వరుసలో సాక్షి సంతకం నాది.

గోడ మీద పోస్టరు అంటించింది కూడా నేనే, మీకు గుర్తుండే ఉంటుంది, ప్రెస్సులకు ఇనుప జాలీలు తీయించిన యాజమాన్యమే మా బావ వేళ్ళు తీసిందని ఎర్ర అక్షరాలతో. జాలీ అంటే, ఆఫీసువాళ్ళ కోసం చెప్తున్నాను, ప్రెస్సు కిందికి దిగేటప్పుడు చేయి లోపలికి పోకుండా ముందు బిగించి ఉండేది. ఆ పోస్టరుకు ఫోర్‌మన్ గారు నోటితో జవాబు చెప్పలేదు. రిజిస్టరు తెచ్చి నా సంతకం చూపించారు. ఆయన మీద కోపంతో ఆ రాత్రి అన్నం తినలేదు గానీ, సంతకం మాత్రం నాదే.

మేడమ్ కూడా ఆ సంతకం చూశారు. ఒకరోజు క్లాసు అయ్యాక నన్ను ఆపి, తప్పుపట్టడానికి కాదు, ఆ మాట రాసేటప్పుడు ఎంతసేపు ఆలోచించావు అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. మీరు కంపెనీ మనిషి, మా ఇంటి గొడవలో మీకేం పని అన్నాను. రెండు వారాలు క్లాసుకు రాలేదు. ఎందుకు తిరిగి వచ్చానో తెలుసా? ఎనిమిదో సంభాషణలో జలుబాయన నిచ్చెన మీంచి పడి ఆస్పత్రిలో ఉన్నాడు, తొమ్మిదిలో ఏమైందో తెలియక నిద్ర పట్టలేదు. (నవ్వులు) సిగ్గుచేటు, కానీ నిజం. లేచి తిరుగుతున్నాడు, క్షేమంగా ఉన్నాడు.

ఎంతసేపు ఆలోచించాను? అసలు ఆలోచించలేదు. బావను బండి ఎక్కించారు, ఎవరో రిజిస్టరు ముందు పెట్టారు, చేయి దానంతటదే రాసింది. ఇదే నాకు ఇప్పటికీ అంతుచిక్కనిది. యాజమాన్యం మాటలు నా నోట్లో ఎవరూ పెట్టలేరని ఛాతీ విరుచుకు తిరిగినవాణ్ణి. ఆ మాట నా చేతిలోకి ఎప్పుడు దూరింది? ఎవరు నేర్పారు? నా కరపత్రాల్లో దీనికి జవాబు లేదు, వెతికాను.

ఇక ఆఖరి పాఠం. పుస్తకం అయిపోయింది, మీ సంభాషణ మీరే తయారు చేయండి అన్నారు మేడమ్. ఇద్దరిద్దరు, ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు, మీరు చూసిన ప్రమాదం, ఎనిమిది ప్రశ్నలు, ఫోన్లో రికార్డు చేసి వినిపించాలి. గేటు డ్యూటీ ఎక్కేముందు బావ కూడా క్లాసుకు వచ్చేవాడు, తలుపు పక్క కుర్చీలో. మేడమ్ జతలు కట్టలేదు, చీటీలు వేయించారు. నాకు బావ పడ్డాడు.

మేం క్యాంటీన్ వెనక ఖాళీ పెట్టెల గదిలో కూర్చున్నాం. బావ తీరికమ్మ, నేను జలుబాయన. ఫోను మధ్యలో పెట్టాం. బావకు ఇంగ్లీషు నాకంటే తక్కువ, వేలు పెట్టి ఒక్కొక్క ప్రశ్న చదువుతున్నాడు. ఎప్పుడు జరిగింది? చెప్పాను. ఎక్కడ? చెప్పాను. మిషన్‌కు మూత ఉందా? లేదు. ఎవరు తీశారు?

ఈ ప్రశ్న మన భాషలో అడిగి ఉంటే నేను లేచి అరిచేవాణ్ణి. ఆర్డర్లు అనేవాణ్ణి, టార్గెట్లు అనేవాణ్ణి, వ్యవస్థ అనేవాణ్ణి, అరగంట మాట్లాడి అడిగినవాడికే ప్రశ్న మరిచిపోయేలా చేసేవాణ్ణి. ఇంగ్లీషులో నాకు కోపానికి చాలినన్ని మాటలు లేవు. తప్పించుకోవడానికీ చాలవు. ఉన్నవి మేడమ్ నేర్పిన చిన్న చిన్న వాక్యాలే. వాటిల్లో ఒకటే సరిపోయింది. నేను తీశాను అన్నాను.

అవును. మందం రేకు వచ్చిన వారం నుంచి ప్రతి నాలుగో రేకూ జాలీకి తట్టుకుని ఇరుక్కుంటోంది. దెబ్బ తగలడానికి వారం ముందు ఒక పొద్దున అందరికంటే ముందు వచ్చి, స్పానరు తెచ్చుకుని, నాలుగు బోల్టులు నా చేతులతో విప్పాను. తీయమని ఎవరూ చెప్పలేదు. పెట్టమని కూడా ఎవరూ చెప్పలేదు, పైవాళ్ళు రోజూ దాని ముందునుంచే నడిచి వెళ్ళారు, అది వేరే సంగతి. నేను టీకి వెళ్తూ బావను పది నిమిషాలు నిలబడమన్నాను. గ్లాసు పట్టుకుని తిరిగి వస్తూ, మూడడుగుల దూరంలో ఉండి, జరిగింది కళ్ళారా చూశాను. అజాగ్రత్త అనే మాట రాయగానే ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అది కంపెనీకి పట్టిన గొడుగు అనుకుంటూ ఏడు నెలలు తిట్టాను. దాని కింద నేను కూడా తడవకుండా నిలబడ్డాను.

బావ నా వంక చూడలేదు. కాగితం మీద వేలు కిందికి జరిపి అయిదో ప్రశ్న అడిగాడు. ఆరు అడిగాడు. ఏడు, ఎనిమిది అడిగాడు. అన్నీ ఇంగ్లీషులోనే, అదే నెమ్మదితో. ఫోను ఆపి, టోపీ పెట్టుకుని గేటుకు వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆ ఇంట్లో నాకు అన్నం అక్క పెట్టింది గానీ మాట ఎవరూ పెట్టలేదు. అయిదో రోజు సైకిలు తీస్తుంటే బావ గుమ్మంలోకి వచ్చాడు.

"నాతో చెప్పావు, సరే. రాయాల్సిన చోట రాయరా."

మేడమ్, మా రికార్డింగు మీకు ఇవ్వలేదేమని మీరు రెండుసార్లు అడిగారు. ఫోను పోయిందని చెప్పాను. పోలేదు. ఆ పాఠం అందరి ముందు వినిపించాల్సింది కాబట్టి, ఇవాళ నోటితో వినిపించాను. మార్కులు వేస్తారో వేయరో మీ ఇష్టం.

అధ్యక్షా, ఇదిగో నా కొత్త వాంగ్మూలం. రెండు పేజీలు. జాలీ ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు, ఎన్ని రోజులుగా లేదు, ఆ రోజుల్లో ఆ దారిన ఎవరెవరు నడిచారు, అన్నీ ఉన్నాయి, నా పేరు మొదట ఉంది. నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోండి, పోస్టరు వేయను. (నవ్వులు) సరే, వేస్తానేమో, కానీ నా పేరు కూడా రాసి వేస్తాను. సోమవారం మా బావ వరుసలో కారణం గడి కొట్టేసి కొత్తగా రాయాలి. నేను అడిగేది అదొక్కటే.

(అధ్యక్షులు కాగితాలు తీసుకుని చదువుతున్నారు.)

మేడమ్, వారు చదివేలోపు మీతో రెండు మాటలు. మీరు మాకు ఎంత ఇంగ్లీషు నేర్పారో నాకు తెలియదు, ఫోన్లో అవతలివాడు వేగంగా మాట్లాడితే ఇప్పటికీ సగం గాలికే పోతుంది. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా కూర్చోవడం నేర్పారు. నాలాంటి వాడికి అది ఏ భాషలోనూ రాదు. మీరు ఇంటికి వెళ్ళి ఏం చేస్తారు, ఎవర్ని ప్రశ్నలు అడుగుతారు, మీ ఇంట్లోవాళ్ళు మీతో ఎలా వేగుతారు, ఇవన్నీ తెలుసుకోవాలని మా పద్దెనిమిది మందికీ ఉంది. ఎవరికీ అడిగే ధైర్యం లేదు. నేను అడిగేశాను.

(అధ్యక్షులు తలెత్తి ఏదో అడిగారు.)

వెనక ఉన్నవాళ్ళకు వినపడలేదేమో, చెప్తాను. ఇది సోమవారం కమిటీ ముందు నేనే పెడతాను అన్నారు. కాగితం కోటు జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఇంకో మాట అడిగారు: ఒకటో నంబరుకూ మూడో నంబరుకూ ఇప్పుడు జాలీలు ఉన్నాయా అని. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలోంచి ఎవరైనా మమ్మల్ని ప్రశ్న అడగడం నేను వినడం ఇదే మొదలు. దీనికి జవాబు నేను ఒక్కణ్ణే చెప్పకూడదు. (గోడ వెంట నిలబడ్డవాళ్ళలో ఒకరు, తర్వాత ఇంకొకరు చేయి ఎత్తారు.) విన్నారు కదండీ. లేవు. వాళ్ళే విప్పారట. మా బావ తర్వాత కూడా, ఈ పూట దాకా.

రెండో షిఫ్టు సైరనుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. జాలీలు స్టోర్సులో మూలన పడి ఉన్నాయి, పెద్దాయన తాళంచెవులు తీసుకుని అప్పుడే లేచారు. బావా, బోల్టులు బిగించేటప్పుడు పక్కన నిలబడి చెప్పడానికి రూలు అడ్డు రాదనుకుంటాను, ఫోర్‌మన్ గారు తల ఊపుతున్నారు, రా. మేడమ్, క్షమించాలి, ఇంకా మీకు పూలగుత్తి ఇవ్వాలి, ఫోటో దిగాలి, అవి మా అక్క చూసుకుంటుంది. పిలిచినవాళ్ళకు, ఓపిగ్గా విన్నవాళ్ళకు, మధ్యలో మైకు లాక్కోకుండా ఊరుకున్న అధ్యక్షుల వారికి మా షాపు తరఫున కృతజ్ఞతలు. నేను, బావ, స్టోర్సు పెద్దాయన ముగ్గురం ప్రెస్సుల దగ్గరకు వెళ్తున్నాం, సెలవు.